శనివారం కోటు

శనివారం వచ్చిందంటే దిండి రేవులో మే నెల ఎండకి తోడు కోట్లు కూడా తయారవుతాయి.

రేవులో ఉన్నది రెండంతస్తుల పడవ. పైన అద్దాల హాలు, హాల్లో ఏసీ, తెల్లగుడ్డలు పరిచిన బల్లలు. కింద వంటగది, ఇంజను, ముందు వైపు తాళ్ళూ డ్రమ్ములూ పడేసుకునే ఖాళీ జాగా. సాయంత్రం కదిలి వశిష్ఠ గోదావరి మీద ఓ చుట్టు తిరిగి, భోజనాలయ్యాక మళ్ళీ ఒడ్డుకొస్తుంది. మిగతా రోజుల్లో ఎవరేం వేసుకొచ్చినా అడిగే నాథుడు లేడు. శనివారం మాత్రం మగవాళ్ళకి కోటు ఉండితీరాలి. యజమాని మురళీమోహన్‌కి అల్లవరం వైపు రొయ్యల చెరువులున్నాయి. ఆ మధ్య కుటుంబంతో సింగపూరు వెళ్ళి పెద్ద ఓడెక్కి వచ్చాడు. అక్కడ ఓ రాత్రి జనమంతా నల్లకోట్లూ పొడుగు గౌన్లూ వేసుకుని భోజనానికి దిగారట. ఆ ముచ్చట ఆయన్ని వదల్లేదు. రాగానే గట్టు మీద బోర్డు రాయించి పెట్టాడు: శనివారం కోటు తప్పనిసరి, పంచెలకీ లుంగీలకీ పైఅంతస్తులో ప్రవేశం లేదు.

కోటు లేనివాళ్ళకి ఇవ్వడానికని రేవు పక్క రేకుల షెడ్డులో కొన్ని నల్లకోట్లు వేలాడుతూ ఉంటాయి. వాటి మంచీ చెడ్డా చూసేది రాహేలు. మస్కట్‌లో ఒకరింట ఏళ్ళ తరబడి ఇస్త్రీ పని చేసి వచ్చిన మనిషి. వెనిగరు కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి ముందు మెడపట్టీ తుడుస్తుంది. ఆ తరవాత తడిగుడ్డ పరిచి, దాని మీంచి ఇస్త్రీ పెట్టె నొక్కి నొక్కి తీస్తుంది. నూనె మరకా, పులుసు మరకా, ఆడవాళ్ళ లిప్‌స్టిక్ మరకా, రాహేలు చేతిలో పడ్డాక బతికి బట్ట కట్టింది ఒక్కటీ లేదు.

ఆ శనివారం ఆమె చివరి కోటు తగిలిస్తుండగా బయట గొడవ వినిపించింది. గొడవంటే అరుపులు కావు. ఎవరో ఒకాయన మాటిమాటికీ అండీ అండీ అని బతిమాలుతున్నాడు.

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే సత్తిబాబు. ఇస్త్రీ నలగని గ్లాస్కో పంచె, తెల్ల లాల్చీ, భుజాన జరీ కండువా. పక్కన ఆయన భార్య సీతారత్నం, ఆమె చెయ్యి పట్టుకుని గులాబీరంగు గౌనులో మనవరాలు గాయత్రి. గేటు దగ్గర ఉండే ప్రవీణ్ కుమార్ టిక్కెట్లు చూసి పంచె దగ్గర ఆగిపోయాడు.

"పంచెకి లేదండీ. బోర్డులో ఉంది కదండీ."

"చూళ్ళేదండీ. పాప పుట్టినరోజండీ ఇవాళ. కేకు లోపలికి పంపించేసేం కూడానండి."

రాహేలు ఓ కోటు పట్టుకుని పరుగున వచ్చింది. "ఈ కోటేసుకుంటారు బాబూ. పోనియ్యి."

"పంచె మీద కోటు బాగోదన్నారు ఆంటీ సారు. ప్యాంటుంటే తొడుక్కోమనండి."

"ప్యాంటు నా పెళ్ళికి కూడా వేసుకోలేదండీ," అన్నాడు సత్తిబాబు. నవ్వుదామని చూశాడు గానీ నవ్వు రాలేదు.

ఇంతలో వెనక కార్లోంచి కుర్రాళ్ళు నలుగురు దిగారు. మోకాళ్ళ పైకి నిక్కర్లు, చొక్కాల మీద కొబ్బరిచెట్ల బొమ్మలు. నిక్కరు మాట బోర్డులో లేదు. రాయించినాయనకి తట్టలేదు మరి. ప్రవీణ్ వాళ్ళకి నాలుగు కోట్లు ఇప్పించాడు. నాలుగోవాడు రాహేలు చేతిలో ఉన్న కోటే థాంక్యూ చెప్పి లాక్కున్నాడు. పైన కోటు, కింద వెంట్రుకల కాళ్ళతో నలుగురూ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

సత్తిబాబు కండువా సర్దుకున్నాడు. సీతారత్నం మొగుడి వైపు చూడలేదు, నది వైపు చూసింది. కేకు డబ్బా వెనక్కి వచ్చింది. గాయత్రి దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఏడవకుండా, తాత వెనకాలే నడుచుకుంటూ వెళ్ళింది. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేదనిపించింది రాహేలుకి.

*

"బోర్డు చదూకుని రావాలి," అన్నాడు రాహేలు మొగుడు ఎబినేజరు.

శివకోడులో వాళ్ళ వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాజోలు డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. టిక్కెట్టు లేదని సొంత బావమరిదిని వానలో దించేశాడని చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు.

"చదువుకోవడానికి ఆయనేం పరీక్షకొచ్చేడా? నిక్కరేసుకున్నోళ్ళని ఎక్కించి, నిండా బట్ట కట్టుకున్న మనిషిని దించేసేరండీ."

"రూలు రూలే."

"మీ రూలు మండా," అని రాహేలు లోపలికెళ్ళి బియ్యం కడిగింది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "వచ్చే శనివారానికి పడవ మొదలెట్టి ఏడాది అవుతుందట. పనిచేసేవాళ్ళందరికీ ఇంటికి ఇద్దరి చొప్పున పైన భోజనం పెడుతున్నారు. మనం వెళ్తున్నాం."

"నేనెందుకు? ఆ కోట్లు ఎవడెవడి చెమటో. నేను ముట్టను."

"మీ కోటుంది కదా."

ఆ మాట అనకూడదని వాళ్ళింట్లో ఎవరూ చెప్పలేదు గానీ, ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదు.

ఆ కోటు ఆయన పెళ్ళికోటు. బూడిదరంగు, వెడల్పాటి కాలరు, అమలాపురంలో కుట్టించింది. చర్చిలో పెళ్ళినాడు వేసుకుని, మర్నాడు మడతపెట్టి ట్రంకుపెట్టెలో పెట్టాడు. వాళ్ళ వాళ్ళలో చాలామంది అంతే. పెళ్ళికి వేసుకున్న కోటు మళ్ళీ వేసేది సమాధుల తోటకి తీసుకెళ్ళేటప్పుడే. మధ్యలో దాని జోలికి పోరు. ఏటా క్రిస్మస్ ముందు ఓసారి ఎండలో వేసి, కలరా ఉండలు మార్చి, మళ్ళీ లోపల పెట్టేస్తారు.

పోనీ అక్కడితో ఊరుకున్నాడా. కిందటేడు గుండెకి స్టెంటు వేసి పంపించారు. డాక్టరు బాగున్నావు, నడువు, తిను అన్నాడు. ఈయన ఇంటికొచ్చి సైకిలు ఎవరికో ఇచ్చేశాడు. ఉప్పూ కారం మానేశాడు. రాజోలులో టైలరు జోజిని పిలిపించి ఆ కోటు పక్కలు వదులు చేయించాడు. అన్నగారు పోయినప్పుడు కోటు తొడగడం కుదరక వెనకవైపు కత్తిరించారు, అది చూశాడు. "నాది కత్తిరించకూడదు," అని జోజి ఎదుటే రాహేలుతో అన్నాడు. జోజి కొలతల టేపు మెళ్ళో వేసుకుని తల దించుకున్నాడు. చావుకి ఇంత శ్రద్ధగా ఏర్పాట్లు చేసుకున్న మనిషిని రాహేలు ఎక్కడా చూడలేదు. బతకడానికి అందులో సగం శ్రద్ధ పెట్టినా చాలని ఏడాదిగా ఆమె ఏడుపు.

"అది అప్పటికి," అన్నాడు ఎబినేజరు చివరికి.

"అప్పటికి నేను చూసేదేముంది? నా కళ్ళనిండా నీళ్ళే ఉంటాయి. ఇప్పుడు చూడాలి నాకు." ఆమె చేతిలో తుడుచుకున్న గుడ్డ గుమ్మం మీద పడేసింది. "మస్కట్‌లో మేడమ్‌కి ఎన్ని గౌన్లు ఇస్త్రీ చేసేనో. వాళ్ళాయన కోటేసుకుని వచ్చి చెయ్యందిస్తే ఆవిడ కారెక్కేది. నేను పైన కిటికీలోంచి చూసేదాన్ని. నాకూ ఒక్కసారి అలా వెళ్ళాలని ఉండదా?"

ఎబినేజరు లేచి లోపలికెళ్ళి పడుకున్నాడు. పొద్దున్నుంచి ఎండగా ఉందన్నాడు.

*

బుధవారం సన్నీ ఫోను చేశాడు. రాహేలు అన్న కొడుకు, ఎక్కడో విదేశీ ఓడలో భోజనాల హాల్లో వడ్డించే పని. ఫోను తెరమీద తెల్ల చొక్కాతో కనిపించాడు. వెనక గుండ్రటి కిటికీ, దాని అవతల అంతా నీలం.

రాహేలు పడవ సంగతి చెబితే పడీపడీ నవ్వాడు. "అత్తా, మీ సారు ఏ కాలంలో ఉన్నాడు? ఇక్కడే మానేస్తున్నారు. ఇదివరకు ఆ కోట్ల రాత్రంటే గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్ళం. ఇప్పుడు మంచి జీన్సులో వచ్చినా రానిస్తున్నారు. సెలవుకొచ్చి కూడా మెడకి ఉరేంటని గొడవలు. పాతవాళ్ళేమో, ఇలా అందరూ ఇష్టమొచ్చినట్టొస్తే ఓడెక్కిన ముచ్చటేముందని వాళ్ళ గొడవ."

"అయితే ఇంకెవరూ వేసుకోవట్లేదా?"

"ఎందుకేసుకోరు? ఓ ముసలాయన ఉన్నాడు అత్తా. రోజూ సాయంత్రం కోటేసుకుని, మెడకి బో కట్టుకుని, భార్య చెయ్యి పట్టుకుని వస్తాడు. రూలు లేదు కదండీ, ఎందుకండీ ఇంత శ్రమ అని అడిగేను. మా ఆవిడకి ఇష్టం అన్నాడు. అంతే."

వెనకాల కుర్చీ చప్పుడైంది. ఎబినేజరు వసారాలోంచి లేచి లోపలికి వెళ్ళాడు. మంచం కిందనుంచి ట్రంకుపెట్టె ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

"అత్తా, లైనులో ఉన్నావా?"

"ఉన్నానురా. మళ్ళీ చేస్తాను, ఉండు."

ఆమె లోపలికి వెళ్ళేసరికి ఎబినేజరు కోటు తొడుక్కుని బీరువా అద్దం ముందు నిలబడి ఉన్నాడు. కింద లుంగీయే. ఇల్లంతా కలరా ఉండల వాసన. జోజి వదులు చేసిన కుట్లు కనబడుతున్నాయి. ఏడాదిలో ఆయన చిక్కిపోవడంతో పక్కలు మరీ వేలాడుతున్నాయి.

"చూసేవు కదా. తీసేయనా?"

"నుంచోండి అలాగే." రాహేలు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆయన చుట్టూ తిరిగింది. జోజి వదిలినదంతా మళ్ళీ బిగించి, సూదులు గుచ్చి, సాయంత్రం తన చేత్తోనే కుట్టింది. భుజాలు తడిమి సరిచేసింది. కోటు లోపల ఆయన ఒళ్ళు వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి ఆమె ప్రాణం లేచొచ్చింది.

"శనివారం ఒక్కరోజే," అన్నాడు ఎబినేజరు. "మళ్ళీ లోపల పెట్టేయాలి. మరకలూ అవీ పడకూడదు."

"ఆయ్, అలాగేనండి," అంది రాహేలు.

*

శనివారం ఆటో దిగి గట్టు మీద నడుస్తుంటే రేవులో ఉన్నవాళ్ళంతా చూశారు. రాహేలు చర్చికి కట్టుకునే తెల్లచీరలన్నీ పక్కనపెట్టి, మస్కట్ నుంచి వచ్చేటప్పుడు కొనుక్కుని ఎప్పుడూ కట్టని ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. ఎబినేజరు తెల్ల చొక్కా, ఎర్ర టై, బూడిదరంగు కోటు. మెట్ల దగ్గర ఆగి, ఆమె అడక్కుండానే చెయ్యి అందించాడు. వంటవాళ్ళెవరో లోపల్నుంచి ఈలేశారు.

"ఆంటీ, గుర్తుపట్టలేదు మిమ్మల్ని," అన్నాడు ప్రవీణ్. పైన మూడో బల్ల వీళ్ళది. ఆ బల్ల మీద గుడ్డ పొద్దున రాహేలే ఇస్త్రీ చేసింది. కిటికీ పక్కన కూర్చుంటే అంతర్వేది వైపు నీళ్ళన్నీ కనిపిస్తాయని చూసిపెట్టుకుంది.

వీళ్ళ ముందు గేటులో ఎవరో నిలబడి ఉన్నారు. మళ్ళీ గ్లాస్కో పంచె, జరీ కండువా, కేకు డబ్బా.

"ఫోన్లో కోటుంటే పంచె పర్లేదన్నారు కదండీ," అంటున్నాడు సత్తిబాబు.

"సారుని అడిగే చెప్పేనండీ. కానీ కోట్లు అయిపోయేయండి. ఇందాకే ఆ నిక్కర్ల కుర్రాళ్ళు ఓ బ్యాచితో వచ్చి అన్నీ పట్టుకెళ్ళేరు."

"పాప వారం రోజులుగా కేకు కొయ్యకుండా ఉందండీ." అనేసి సత్తిబాబు నోరు మూసుకున్నాడు. పరాయివాళ్ళ ముందు అంత మాట వచ్చేసినందుకు సిగ్గుపడ్డాడు. సీతారత్నం ఈసారి నది వైపు చూడలేదు. మొగుడి పంచె అంచు మట్టిలో పడకుండా కొంచెం పైకి పట్టుకుంది.

సత్తిబాబు పక్కకి తప్పుకుంటూ ఎబినేజరుని చూశాడు. "కండక్టరుగారా? అమలాపురం బస్సు? కొబ్బరికాయల గోనెలకి లగేజీ టిక్కెట్టు కొడితేగాని కదలనిచ్చేవారు కాదు మమ్మల్ని." కోపంగా కాదు, పాత మనిషి కనిపించాడన్న సంతోషంతో అన్నాడు. "పెద్దకోటే వేసేరండీ."

ఎబినేజరు నవ్వలేదు. ఆయన కళ్ళు గాయత్రి మీద ఉన్నాయి. పిల్ల ఆ రోజు వేసుకున్న గులాబీరంగు గౌనే మళ్ళీ వేసుకుంది. ఎవరు ముందుకి వెళ్తారో, ఎవరు వెనక్కి వెళ్తారో తెలిసినదానిలాగా డబ్బా గట్టిగా పట్టుకుని నిలబడింది.

ఎబినేజరు చెయ్యి కోటు బొత్తాల మీదికి వెళ్ళింది. ఒక బొత్తం తీశాడు. రెండోది తియ్యడానికి తడబడ్డాడు. నుదుటి మీద చెమట. రాహేలు ఆయన మోచెయ్యి పట్టుకుంది. కిందటేడు ఇలాగే, అచ్చం ఇలాగే, చొక్కా గుండీలు తీసుకుంటూ కూలబడ్డాడు.

"ఏవండీ, ఏమయింది? కూర్చోండి. ప్రవీణూ, మంచినీళ్ళు..."

"నాకేం కాలేదు. పట్టుకోకు." ఎబినేజరు కోటు విప్పి, దులిపి, సత్తిబాబు భుజాల వెనక పట్టుకుని నిలబడ్డాడు. "చెయ్యి పెట్టండి."

"వద్దండీ, మీది..."

"పెట్టండి, పడవ కదిలిపోద్ది."

సత్తిబాబు చేతులు దూర్చాడు. కండువా కోటు లోపలికి పోయింది. బూడిదరంగు కోటు కింద తెల్ల పంచె కుచ్చెళ్ళు దిగి ఉంటే, ఎవరూ ఏమీ అనలేకపోయారు. బాగుంది మరి. సీతారత్నం మొగుణ్ణి కింద నుంచి పైదాకా చూసి, పెళ్ళినాడు కూడా చూడనట్టు చూసింది.

"ఇప్పుడు వెళ్ళొచ్చా?" అన్నాడు ఎబినేజరు.

"వాళ్ళు వెళ్ళొచ్చండి." ప్రవీణ్ మెడ గోక్కున్నాడు. "కానీ మీకు కోటు లేదు కదండీ ఇప్పుడు."

"నిజమే. రూలు రూలే. మేం కింద కూర్చుంటాం."

*

రాహేలుకి ఒళ్ళు మండింది. దాచుకోలేదు కూడా. కింద ముందు భాగంలో తాళ్ళ చుట్టల మధ్య రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, "మీకెవడు చెప్పేడు దానధర్మాలు చెయ్యమని?" అంది. "ఇన్నేళ్ళకి ఒక్క పూట తీసేరు ఆ కోటు. ఒక్క పూట. నేను కళ్ళారా చూసింది ఆటోలో. నా బల్ల పైన ఉంది. నా గుడ్డ పైన ఉంది."

"గుడ్డ తెచ్చుకో," అన్నాడాయన.

ఆమె విసురుగా లేచి వంటగదిలోంచి ఓ తెల్లగుడ్డ తెచ్చి డ్రమ్ము మీద పరిచింది. కోపంలో కూడా మడత సరిగ్గా మధ్యకి వచ్చేలా పరిచింది. పడవ కదిలింది. గాలి ఎదురొచ్చింది. లంకల్లో కొబ్బరితోటలు వెనక్కి నడుస్తున్నాయి, అవతలి ఒడ్డున ఎవరో గేదెల్ని నీళ్ళలోంచి అదిలిస్తున్నారు. వంటవాళ్ళు చేప పులుసు, రొయ్యల వేపుడు తెచ్చి డ్రమ్ము మీద పెట్టారు.

"ఆ మనిషి గోనెలు ఎన్నిసార్లు దించేసేనో తెలుసా?" అన్నాడు ఎబినేజరు, టై వదులు చేసుకుంటూ. "ఒకసారి వాన. గోనె తడిసి ముద్దయింది. నాకేసి చూసి, పర్లేదండీ మళ్ళీ బస్సుకి వస్తాను అన్నాడు. ఇందాక ఆ పిల్ల అలాగే నుంచుంది."

రాహేలు కోపం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి నోట రూలుకి అవతలి మాట వినడం ఇదే. ఆమె పులుసు వడ్డించింది. ఆయన వేలితో కొంచెం అద్దుకుని నాలిక మీద రాసుకున్నాడు. తరవాత అన్నంలో కలుపుకున్నాడు. తరవాత ఇంకొంచెం వెయ్యమన్నాడు. స్టెంటు వేశాక ఆయన ఇంకొంచెం అనడం అదే మొదలు. రాహేలు తల పక్కకి తిప్పుకుని గాలికి కళ్ళు తుడుచుకుంది.

పైన ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. ఎండలకి తట్టుకోలేక జనరేటరు మొరాయించి ఏసీ నిలిచిపోయింది. తెరుద్దామంటే అద్దాలు తెరుచుకునేవి కావు. కాసేపు పైన కుర్చీల చప్పుడు, విసనకర్రల్లా అట్టముక్కలు ఊపుకుంటున్న నీడలు. మొదట నిక్కరు కుర్రాళ్ళు దిగారు, కోట్లు చంకన పెట్టుకుని. "అంకుల్, ఇక్కడ గాలి భలే ఉంది, కూర్చోవచ్చా?" అని తాళ్ళ మీద చతికిలబడ్డారు. వాళ్ళ వెనక ఒక్కొక్కళ్ళే. పట్టుచీరలు మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని ఇనపమెట్లు దిగిన ఆడవాళ్ళు, చొక్కాలు వీపుకి అతుక్కుపోయిన మగవాళ్ళు. చివరికి సత్తిబాబు. ఆయన మాత్రం కోటు విప్పలేదు. చెమట కారిపోతున్నా బొత్తాలన్నీ పెట్టుకునే ఉన్నాడు.

"విప్పేయండి సత్తిబాబుగారూ," అన్నాడు ఎబినేజరు.

"మీరిచ్చేరు కదండీ. దింపేవరకూ ఉంచుకోవడం మర్యాద."

గాయత్రి కేకు ఆ డ్రమ్ము మీదే కోసింది. ఊరూ పేరూ తెలియనివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పిల్ల మొదటి ముక్క తాతకి పెట్టి, రెండో ముక్కతో కండక్టరు తాత వైపు ఉరికింది. ఆ ఊపులో మోచెయ్యి తగిలి పులుసు గిన్నె, కేకు కోసం వంగి ఉన్న సత్తిబాబు మీదికి ఒరిగింది. కోటు కాలరు నుంచి జేబు దాకా ఎర్రగా కారింది.

సత్తిబాబు మొహం పాలిపోయింది. రాహేలు మొగుడి వైపు చూసింది. ఎబినేజరు ఆ మరక వంక చాలాసేపు చూశాడు. చేతిలో పిల్ల ఇచ్చిన కేకుముక్క ఉంది. దాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

"పులుసు బాగుంది," అన్నాడు నములుతూ. "కోటుకి కూడా రుచి తెలియాలి కదా."

మొదట సీతారత్నం నవ్వింది. తరవాత పడవంతా నవ్వింది.

మురళీమోహన్ అందరికన్నా చివర దిగాడు. నల్లకోటు ముంజేతి మీద వేసుకుని, రాహేలు ఖాళీ చేసిన కుర్చీలో కూలబడ్డాడు. ఖాళీ అయిపోయిన పైఅంతస్తు వైపు ఓసారి, డ్రమ్ము చుట్టూ చేరిన జనం వైపు ఓసారి చూశాడు.

"అక్కడ ఎంత బాగుండిందో తెలుసా రాహేలుగారూ. జనం ఆ మెట్లు దిగి వస్తుంటే చూడాలి."

"మీరు ఏ రంగు కోటేసుకున్నారండీ ఆ రోజు?"

ఆయన ముంజేతి మీది కోటు వంక చూసుకున్నాడు. "నాకు లేదండీ. తీసుకెళ్ళాలని తెలీదు. పై వరండాలోంచి చూసేను. భోజనం గదిలోకి తెప్పించుకు తిన్నాం."

రాహేలు ఆయన కోటు అందుకుని, అలవాటుగా దులిపి, మడత పెట్టింది. "మా సన్నీ అలాంటి ఓడలోనే చేస్తన్నాడండీ. ఇప్పుడు అక్కడ కూడా గుమ్మం దగ్గర ఆపట్లేదట. ఇష్టమున్నోళ్ళు వేసుకుంటన్నారట. వాళ్ళే బాగుంటన్నారట." ఆగి, ఉండబట్టలేక అనేసింది. "కిందటి వారం ఈ పాప కేకు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయిందండీ. అప్పుడు మీరు చూళ్ళేదు."

మురళీమోహన్ గాయత్రి వైపు చూశాడు. ఒడ్డు చేరేదాకా ఆ కేకు డబ్బా వంకే చూస్తూ కూర్చున్నాడు.

*

సోమవారం రాహేలు పనికి వెళ్ళేసరికి గట్టు మీద బోర్డు లేదు. ఇద్దరు దాన్ని షెడ్డు నీడలో పడుకోబెట్టి తెల్లరంగు వేస్తున్నారు. ప్రవీణ్ చేతిలో కాయితం ఉంది, దాని మీద సారు చేతిరాత: "శనివారం మీకు నచ్చిన మంచి బట్టల్లో రండి. కోటు కావాలంటే మేమిస్తాం."

"పంచె, లుంగీ గురించి?" అంది రాహేలు.

"ఏమీ రాయొద్దన్నారు ఆంటీ. ఈ కోట్లు కూడా ఉంచమన్నారు. సరదాకి ఫొటోలు తీయించుకుంటారట." ప్రవీణ్ గొంతు తగ్గించాడు. "ఆ పాప వెనక్కెళ్ళిన రోజు నేను కూడా ఇంటికెళ్ళి అన్నం తినలేదు ఆంటీ."

"తెలుసురా," అంది ఆమె. అబద్ధమే. ఆ ఒక్క మాటకే వాడి మొహం తేలికపడింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎబినేజరు వసారాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో సత్తిబాబు తిరిగిచ్చిన కోటు పెట్టుకుని కూర్చున్నాడు. పులుసు ఆరి మరక గట్టిపడింది. వెనిగరూ, సబ్బూ, తడిగుడ్డా ముందు బల్ల మీద పెట్టి ఉంచాడు, ఆమె పని సులువవుతుందని.

"ఇది పోతుందా?"

రాహేలు కోటు వెలుతురులోకి తిప్పి పట్టుకుంది. చింతపండు, పసుపు, కారం. దానికి అరగంట చాలు. వెనిగరు కూడా అక్కర్లేదు, సబ్బు పెట్టి ఎండలో వేస్తే సగం దానంతటదే పోతుంది. ఇంతకన్నా మొండివాటిని నిద్రకళ్ళతో వదిలించింది.

"పోదండి," అంది.

"నీ చేత్తో కూడా?"

"నా చేత్తో కూడా. పులుసు కదా, లోపలికి పట్టేసింది."

ఎబినేజరు కాలరు మీద వేలు పెట్టి గీకి చూశాడు. "ఈ మరకతో ఎలా పంపిస్తావు నన్ను? జనమంతా చూస్తారు. ఫాదరుగారు చూస్తారు."

"పంపించలేను. అందుకని ఇప్పట్లో వెళ్ళకండి."

ఆయన తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. వేల మందిని టిక్కెట్టు ఉందా లేదా అని మొహం చూసి పట్టేసిన మనిషి. రాహేలు చూపు తప్పించలేదు. ఆయన పెదాల చివర ఏదో కదిలింది గానీ పట్టేసినట్టు చెప్పలేదు.

"మరి దీన్నేం చేద్దాం?"

"ఏముంది. మరక పడ్డ కోటే కదా. వాడుకోండి."

ఎబినేజరు లేచాడు. కోటు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. రాహేలు చెవులు రిక్కించింది, ట్రంకుపెట్టె మూత చప్పుడు కోసం. రాలేదు. వెళ్ళి చూస్తే తలుపు వెనక మేకుకి, ఆయన రోజూ వేసుకునే చొక్కా పక్కన, బూడిదరంగు కోటు వేలాడుతోంది. ఆయన మంచం మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఎక్కడికండీ?"

"సైకిలు ఎవరికిచ్చేనో గుర్తుచేసుకుంటున్నాను," అన్నాడు ఎబినేజరు. "వెళ్ళి అడిగి తెచ్చుకుంటాను."